బొట్టు పెట్టిన కంప్యూటర్

మాది కొవ్వూరు. అక్కడి రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. బిల్లులు, స్టాకు, జీతాలు అన్నీ చూసే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వస్తే, నేర్చుకుని ఎక్కించింది నేనే. యజమానిగారు ముహూర్తం పెట్టించారు. నేను కంప్యూటర్‌కి బొట్టు పెట్టాను, ఆయన కొబ్బరికాయ కొట్టారు.

"అడ్మిన్ పాస్‌వర్డ్ మా అల్లుడుగారికి ఇచ్చెయ్యమ్మా, ఇంటి మనిషి కదా" అన్నారు. ఇచ్చాను.

మర్నాడు ధాన్యం తెచ్చిన రైతులందరి ముందూ లాగిన్ అవబోతే, ఆ పేరుతో యూజర్ ఎవరూ లేరని వచ్చింది. తడబడి మళ్లీ కొట్టాను.

"మీ పేరు నేనే తీసేశానండి. ఇక అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది, మీకెందుకండీ శ్రమ" అన్నారు అల్లుడుగారు నవ్వుతూ. యజమానిగారు పేపర్లోంచి తలెత్తలేదు.

జాతరలో బలిచ్చే మేకకి బొట్టు పెడతారు. నేను కంప్యూటర్‌కి పెట్టాను. తెగింది మాత్రం నా మెడే.