పడమటికి తిరిగిన నాగలి

నేను బడి మానేసింది అంకెలంటే భయంతో. పదమూడో ఎక్కం దగ్గర నోరు ఆగిపోతే, కాళ్లు మాత్రం ఆగక గోడ దూకి వచ్చేశాయి. దేవుడు నాకంటే పెద్ద కొంటెవాడు. ఇప్పుడు ఓడరేవులో కాపలా ఉద్యోగమిప్పించి, పొద్దస్తమానం కంటైనర్ల సీళ్ల మీది అంకెలే చదివిస్తున్నాడు. మా గుంటూరు మిరపకాయల కంటైనర్లు వరసగా నిలబడ్డ రోజున, ఉప్పుగాలిలో ఆ ఘాటు కలిసి, దొంగ మాకు కనపడేలోపే మా తుమ్ములు దొంగకు వినపడతాయి. సీలంటే వేలెడంత ఇనుప బోల్టు. తలుపు గడియకు వేశాక కోస్తే తప్ప ఊడదు. కోసేసిన సీలొకటి అరచేతిలో పెట్టుకుంటే మిగతావాళ్లకి ఇనుము వాసన వస్తుందేమోగానీ, నాకు మాత్రం బూడిద వాసనే వస్తుంది.

మా చిన్నప్పుడు శివరాత్రి వెళ్లి ఎండ ముదిరేసరికి ఊరంతా కల్లాల్లోనే ఉండేది. పేడతో అలికిన నేల, పక్క చేలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, జొన్న కంకుల మీద రాతిగుండు లాగే ఎద్దుల మెడగంటలు, తూర్పారబట్టేటప్పుడు లేచిన పొట్టు ఒళ్లంతా అంటుకుని పుట్టే దురద, ఆ దురద గోక్కుంటూనే చొప్ప వాముల వెనక మేం ఆడే దాగుడుమూతలు, మధ్యలో ఆకలేస్తే అమ్మ పంపిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, గుద్ది చితక్కొట్టిన ఉల్లిపాయ. మా తాతయ్య నోట్లో చుట్ట ఆరేది కాదు, ఆయన తిట్లూ ఆరేవి కాదు. రాశి పోయించాక మాత్రం రెండూ ఆపి, తలపాగా సర్దుకుని, కల్లం గుడిసెలో చిలక్కొయ్యకు వేలాడే తుమ్మచెక్క ముద్ర తెప్పించేవాడు. దాని మీద నాగలి బొమ్మ చెక్కి ఉండేది. చెక్కను బూడిదలో అద్ది రాశికి నాలుగు వైపులా ఒత్తేవాడు. కొలతల రోజు దాకా ఎవరు దోసెడు గింజలు తీసినా, పైవి జారి నాగలి చెదిరిపోతుంది. ఆ రోజుల్లో మా ఊళ్లో తాళాలు తక్కువ, బూడిద ఎక్కువ.

ఆ రాశికి కాపలా మస్తాన్ మామ. గెడ్డం నెరిసినా పిల్లలతో సమానంగా పరాచికాలాడేవాడు. కంకులు కాల్చి, అరచేతుల మధ్య నలిపి, ఊదిన ఊచబియ్యం ముందు మా దోసిళ్లలో పోసి, మిగిలితేనే తను తినేవాడు. "ఒరేయ్ అల్లుడూ, నీ నోటికి నీ కాళ్లు తోడయితే నువ్వు లోకమంతా తిరిగొస్తావురా" అనేవాడు నన్ను చూసి.

ఆ ఏడు నువ్వుల జీళ్ల మనిషి రోజూ కల్లాల దారినే వచ్చేవాడు. దోసెడు జొన్నలకు రెండు జీళ్లు. మస్తాన్ మామ మధ్యాహ్నం నమాజుకు వెళ్లిన వేళ చూసి నేను చొక్కా నిండా జొన్నలెత్తాను. నాగలి చెదిరింది. దానికీ ఉపాయముంది కదా. గుడిసెలోకెళ్లి ముద్ర తెచ్చి, బూడిదలో అద్ది, సరిగ్గా అక్కడే ఒత్తాను. ఇంత తెలివి బడిలో చూపించి ఉంటే కలెక్టరునయ్యేవాణ్ణి. రోజూ అదే పని చేసి మూడు రోజులు జీళ్లు తిన్నాను. నాలుగో రోజు నేను ముద్ర ఒత్తిన కాసేపటికే తాతయ్య వచ్చి, రాశి చుట్టూ తిరిగి ఒకచోట ఆగిపోయాడు. ఆయన నాగలి ఎప్పుడూ తూర్పుకే చూసేది. నేనొత్తింది పడమటికి తిరిగి ఉంది.

"ఏం మస్తానూ, నాగలి ఇటు తిరిగిందేమయ్యా?"

మస్తాన్ మామ నాగలి వంక చూడలేదు. నా మోచేతి వంక చూశాడు. అక్కడ బూడిద ఇంకా ఉంది. తాతయ్య చూపు కూడా అక్కడికే వచ్చి, వెంటనే వెళ్లిపోయింది.

"మధ్యానం వదిలేసి పోయానండి," అన్నాడు మామ. "తప్పు నాదేనండి."

"అయితే రేపట్నించి రాబాక."

అంతే. మామ దుప్పటి మడిచి భుజాన వేసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఏడు మరెవరూ ఆయన్ని కాపలాకు పిలవలేదు. ఆ పూట అన్నం దగ్గర, పిల్లల కంచం వైపు ఎన్నడూ చూడని తాతయ్య, తన గిన్నెలోని మీగడ తీసి నా అన్నంలో వేశాడు. నేను తిన్నాను. సిగ్గు లేకుండా, వేళ్లు నాకి మరీ తిన్నాను.

మొన్న వానల్లో మా రేవులో ఒక మిరపకాయల కంటైనరు తెరిస్తే బస్తాలు తక్కువొచ్చాయి. సీలు భద్రంగా ఉంది, అంకెలూ సరిపోయాయి. అందరి చూపూ సరుకు తెచ్చిన డ్రైవరు శ్రీను మీదికి పోయింది. కనిగిరి వైపు కుర్రాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. నేను తలుపు తడిమి చూశాను. గడియను పట్టి ఉంచే బోల్టులు కొత్తవి. పెయింటు వేలికి అంటింది. సీలు జోలికి పోకుండా గడియనే ఊడదీసి, బస్తాలు దించి, మళ్లీ బిగించారు. పెయింటు ఆరలేదంటే ఆ పని జరిగింది మా కంచె లోపలే. శ్రీను సరుకు అప్పజెప్పి బయటికి వెళ్లి అప్పటికి రెండు రోజులు. పిలిపిస్తే వచ్చి నిలబడ్డాడు.

"ఇది మన యార్డులోనే జరిగింది సార్," అన్నాను సూపర్‌వైజరుతో.

ఆయన కాగితం నా ముందుకు తోశాడు. "అదే రాసి సంతకం పెట్టు. పైకి పంపిస్తా."

ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించాలి. శ్రీను నా మొహంలోకే చూస్తున్నాడు.

"నాకు రాతెక్కడొచ్చు సార్, బడి గోడ దూకినోణ్ణి," అన్నాను.

అందరూ నవ్వారు. సూపర్‌వైజరు మరీ ఎక్కువ నవ్వి, 'సీలు సరిగానే ఉంది' అని తనే రాశాడు. కింద నేను సంతకం పెట్టాను. సంతకం పెట్టడం మాత్రం వచ్చు నాకు. వారం తిరక్కుండా శ్రీను చేతి నుంచి లారీ పోయింది.

ఇప్పుడు మా ఊళ్లో కల్లాలు లేవు. మిషను చేలోనే కోసి, నూర్చి, ట్రాక్టరులో పోసేస్తుంది. రాశి నేల మీద ఒక్క పూట నిలవదు, బూడిద ఎవరికీ అక్కర్లేదు. ముద్రచెక్కను ఏ పొయ్యిలో పెట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు. మస్తాన్ మామ పోయి చాలా కాలమైంది. ఆయనకు చెప్పాల్సిన మాట ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని దించుకుందామనేమో, కనిగిరి బస్టాండులో శ్రీను కనపడితే బలవంతంగా టీ కొట్టుకు లాక్కెళ్లాను. అతనిప్పుడు ఎవరి ఆటోనో అద్దెకు నడుపుతున్నాడు.

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసురా తమ్ముడూ. ఆ బస్తాల్లో ఒక్క కాయ కూడా నేనూ ఎరగను, ఒట్టు," అన్నాను.

శ్రీను టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అదేనన్నా నా బాధ. దొంగోడికి బస్తాలన్నా దక్కాయి. నువ్వు ఉత్తపుణ్యానికే నన్ను అమ్మేశావు."