కల్లంలో ఎండిన గిటారు మెడ

మా చెల్లెలి కొడుకు కాలేజీలో పాఠాలు చెబుతాడు. బేస్ గిటారు సొంతంగా చేసుకుంటానని ఆరు నెలలుగా ఒకటే హడావుడి. తీగలు బిగించే మెడకని పచ్చి టేకు కోయించాడు. ఇవాళ పొద్దున అది నిలువునా పగిలిందని మొహం వేలాడేసుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"ఎక్కడ ఆరబెట్టావురా?"

"కల్లంలో, మిరపకాయల పక్కనే మావయ్యా. ఎండ బాగా తగులుద్దని."

"ఓరి నీ చదువు తగలెయ్య! కర్రని నీడన ఆరబెడతార్రా. అదేమన్నా కారం పట్టించే కాయా?"

నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మేనమామ పక్క వీధిలోనే ఉంటే, వీడు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు నా అటక మీది పాత టేకు కావాలట. ముందు చిత్రిక పట్టడం నేర్చుకో, తర్వాత చూద్దాం అన్నాను. అలిగి వెళ్ళిపోయాడు.

పాపం, పిలిచి ఇవ్వమని చెప్పేవాళ్ళుంటే చెప్పండి. మీ ఇంట్లో కర్ర ఇచ్చుకుందురుగాని.