దుప్పట్ల తిమింగలం

ఆవిడ ఆ కళాశాలలో బొమ్మలు గీయడం నేర్పదు, మట్టి మలచడమూ నేర్పదు. బొమ్మలు గీసేవాళ్ళకీ, డిజైన్లు చేసేవాళ్ళకీ, మొదలుపెట్టిన పని వేళకి ముగించడం ఎలాగో నేర్పుతుంది. ప్రాజెక్టు నిర్వహణ అని పాఠం పేరు. ఆ పేరు వినగానే సగం తరగతికి ఆవలింతలు. ఏ పని ఏ రోజుకి, ఎవరి బాధ్యత అని గోడ పొడవునా చార్టు అంటించి, ఎర్రసిరాతో గడులు నింపి, "గడువంటే గడువే!" అనేది. దాంతో గడువు మేడమ్ అని పేరు పడిపోయింది. ఆ సంగతి ఆవిడకి తెలియకపోలేదు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా.

కిందటేడు సంవత్సరాంతపు ప్రదర్శనకి, సముద్రాన్ని కాపాడుకోవాలని చెబుతూ పిల్లలు థర్మకోల్‌తో లారీ అంత తిమింగలం చేశారు. మొదటి బహుమతి కొట్టేశారు. చార్టులో చివరి గడి 'ప్రారంభోత్సవం'. మేడమ్ దాని మీద టిక్కు పెట్టి హాయిగా ఇంటికెళ్ళింది.

ప్రదర్శన ముగిసిన మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే, చెత్తకుండీలోంచి తిమింగలం తోక పైకి పొడుచుకొచ్చి ఉంది. మిగతా ఒళ్ళంతా పొడిపొడై, ఆవరణ నిండా తెల్లటి గుళ్ళు. గాలి వీచినప్పుడల్లా అవి గుంపుగా లేచి ఆ మూల నుంచి ఈ మూలకి పరుగెడుతున్నాయి. వాటి వెనకాల చీపురు పట్టుకుని పెద్దక్క. ఆవరణ ఊడ్చే ఆమెని చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు.

మేడమ్ చేతిసంచి మెట్ల మీద పెట్టి, తనూ ఓ చీపురు అందుకుంది. ఆ గుళ్ళు ఊడిస్తే ఎగురుతాయి, పట్టుకుంటే అంటుకుంటాయి. జుట్టులో గుళ్ళు, కళ్ళజోడు మీద గుళ్ళు, చెవుల్లో గుళ్ళు. మూడు గంటలు పట్టింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వాపుకోలేక చతికిలబడ్డారు. నవ్వు సద్దుమణిగాక పెద్దక్క అడిగింది.

"అమ్మా, మీ చార్టులో అందరి పేర్లూ ఉంటాయంట కదా. మరి నా పేరెక్కడుంది?"



సెలవులన్నాళ్ళూ ఆ మాట మేడమ్ చెవిలో జోరీగలా తిరిగింది. కొత్త తరగతి మొదలవగానే పాత చార్టు పీకేసి, కొత్తదాంట్లో ముందుగా చివరి గడి రాసింది: 'ప్రదర్శన ముగిసిన మర్నాడు'. దాని పక్కన పెద్దక్క పేరు.

"ఇక్కణ్ణుంచి వెనక్కి నడుద్దాం. వాడే ప్రతి వస్తువూ ఎక్కణ్ణుంచి వచ్చిందో, మన పని అయ్యాక ఎక్కడికి పోతుందో చెప్పాలి. చెప్పలేకపోతే అది గుమ్మం దాటి లోపలికి రాకూడదు" అంది.

తొలి పాఠం చెప్పమని పెద్దక్కకి కుర్చీ వేసింది. పెద్దక్క కూర్చోలేదు. తెచ్చిన గోనెసంచి బల్ల మీద బోర్లించింది. టేపు చుట్టలు, విరిగిన బ్రష్షులు, గట్టిపడిన జిగురు డబ్బాలు. "అన్నీ మీవే. ఎవరివి వాళ్ళు ఏరుకోండి" అంది. ఆ రోజు ఒక్కరూ ఆవలించలేదు.

తరగతిలో తళుకుపొడి లేనిదే పుట్టినరోజు కార్డు కూడా చెయ్యని పిల్ల ఒకతి ఉండేది. అందరూ తళుకులమ్మ అనేవాళ్ళు.

"తళుకుపొడి ఎక్కడికి పోతుందమ్మా?"

"చెత్తలోకి మేడమ్."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత... పోతుంది మేడమ్!"

"ఎక్కడికో చూసి రా."

తళుకులమ్మ నిజంగానే చెత్త బండి వెనకాల సైకిలేసుకుని పోయింది. సాయంత్రానికి ముక్కు మూసుకోవాల్సినంత వాసనతో, కళ్ళింతలు చేసుకుని తిరిగొచ్చింది. "మేడమ్, అక్కడ ఓ కొండుంది! కాలవ గట్టు మీదే! వాన పడితే అంతా నీళ్ళలోకే! నా తళుకులు చేపలు తింటున్నాయి మేడమ్!" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆ మర్నాడు తన తళుకు డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మేడమ్ చేతికిచ్చింది.

అంతా బాగానే ఉంది, ప్రదర్శనకి మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. జిగురు వద్దు, టేపు వద్దు, థర్మకోల్ వద్దు. మేడమ్ తల పట్టుకుని ఇంట్లో కూర్చుంటే, అత్తగారు బీరువా తెరిచింది. లోపలి దుప్పట్లన్నీ ఆవిడ మీద కూలాయి.

"అమ్మాయ్! వీటిని ఎవరికన్నా ఓ వారం అరువియ్యవే, ఊపిరాడక చస్తున్నా!" అంది దుప్పట్ల అడుగునుంచి.

మేడమ్ అత్తగారిని పైకి లేపాల్సింది పోయి, చప్పట్లు కొట్టి గంతేసింది.

పిల్లలు వీధి వీధీ తిరిగి రెండొందల పన్నెండు దుప్పట్లు అరువు తెచ్చారు. ప్రతిదానికీ ఇంటి చీటీ. కత్తెర తగలకూడదు, రంగు పడకూడదు. పిన్నీసులూ, లాండ్రీవాళ్ళ తాళ్ళూ మాత్రమే. లోపల గాలి నింపడానికి ఫ్యాన్లు తక్కువయ్యాయి. మేడమ్ ప్రిన్సిపాల్ గదిలోకెళ్ళి, "మూడు రోజులకి అరువండీ" అంటూనే ఆయన ఫ్యాన్ ప్లగ్గు పీకేసింది. ఆయన "ఇదేం ప్రాజెక్టమ్మా?" అని చెమటలు తుడుచుకుంటూ వెనకే వచ్చాడు.

ప్రారంభం రోజు స్విచ్చి వేశారు. పూల దుప్పట్లు, చారల దుప్పట్లు, వెలిసిపోయినవి, కొత్తవి అన్నీ కలిసి మెల్లగా పొంగాయి. తిమింగలం కడుపు ఉబ్బింది. తోక లేచింది. ఊపిరి తీస్తున్నట్టే ఉంది. దుప్పటిచ్చిన ఇళ్ళవాళ్ళంతా పిల్లాజెల్లాతో దిగిపోయారు.

"అదిగో మాది, రెక్క మీద!"

"మాది కడుపు కిందేశారేంటి? అందరికీ కనపడాలి కదా!"

మేడమ్ అత్తగారు మాత్రం కంటి దగ్గరే కుర్చీ వేయించుకుని, వచ్చినవాళ్ళందరికీ "ఈ కన్ను మాదేనండీ" అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది.

మూడో రోజు విప్పదీత. అందరూ వచ్చి చీటీ చూసుకుని ఎవరిది వాళ్ళు మడత పెట్టుకున్నారు. దుప్పటికి చెరో కొస పట్టుకుని మడిచేటప్పుడు ఎన్నడూ పలకరించుకోని పక్కిళ్ళవాళ్ళు ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికొచ్చి నవ్వేశారు. నలభై నిమిషాల్లో హాలు ఖాళీ. పెద్దక్క అజమాయిషీ చేస్తూ పిన్నీసులు డబ్బాల్లోకి లెక్క పెట్టించింది.

చివరికి చీటీ లేని దుప్పటొకటి మిగిలింది. దాని నిండా కుందేళ్ళు. "ఎవరిదిది?" అని తళుకులమ్మ పైకెత్తి నాలుగుసార్లు అరిచింది. అప్పుడు వెనకనుంచి ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు.

"అది... నాదేనమ్మా. సిగ్గేసి చీటీ లేకుండా ఇచ్చా. చిన్నప్పటిది. లేకపోతే నిద్ర పట్టదు. మూడు రోజులైంది."

హాలు గొల్లుమంది. ఆయన కూడా ఎర్రబడ్డ మొహంతో నవ్వుతూ, కుందేళ్ళని చంకలో పెట్టుకుని గబగబా బయటికి నడిచాడు.

ఇప్పుడు ఆ పాఠానికి కుర్చీలు చాలవు. వారంలో ఒక రోజు పెద్దక్కే తరగతి చెబుతోంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. మొన్న గడువు మేడమ్‌నే ఆపేసింది. మేడమ్ కిటికీలోంచి తల దూర్చి, పిల్లలతోపాటు నోట్సు రాసుకుంది.