ఎడమకి ఒరిగిన బండి

నా చిన్నప్పుడు, ఒక మూడు వారాల పాటు, మా ఇంట్లో ఎవరూ ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసుకోలేదు. మా నాన్న తోలే చేపల లారీ చెరువులో పడిన రోజులవి.

మాది మండవల్లి దాటాక కొల్లేరు అంచున ఉన్న ఊరు. అప్పటికే చుట్టూ చేపల చెరువులు తవ్వేశారు. చేపలు పట్టిన రోజున పెట్టెల్లో చేపా, దంచిన ఐసూ పొరలు పొరలుగా సర్ది లారీకెత్తేవారు. మా నాన్న ఆ లారీని చెరువు గట్ల మీదుగా రోడ్డెక్కించి, ఏలూరు మీదుగా కలకత్తా దాకా తోలుకెళ్ళేవాడు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి, నిండు లోడుతో, రెండు చెరువుల మధ్య గట్టు ఎడమకి తిరిగే వంపులో లారీ ఎడమ పక్కకి పడిపోయింది. నాన్నకి గీత కూడా పడలేదు. పక్కన కూర్చున్న క్లీనరు, నాన్నకంటే వయసులో పెద్దవాడు, కాలు విరిగి ఏలూరు ఆసుపత్రిలో మంచాన పడ్డాడు. సంగతి తేలేదాకా స్టీరింగు ముట్టుకోవద్దని లారీ ఓనరు గారు నాన్నకి చెప్పారు.

నాన్న చెప్పింది ఒకటే మాట. మెల్లగానే తిప్పాననీ, బండి దానంతటదే ఒరిగిందనీ. ఎవరూ నమ్మలేదు. టీ కొట్టు దగ్గర కొందరు తాగి తోలాడన్నారు, కొందరు నిద్రపోయాడన్నారు. క్రేను పెట్టి బయటికి లాగేసరికి బండి అడుగుభాగమంతా వంగిపోయింది. ఏది పడకముందు విరిగిందో, ఏది పడ్డాక విరిగిందో చెప్పే వీలు లేకపోయింది.

నేనూ నమ్మలేదు. ఆ పొద్దున నాన్న నూతి పళ్ళెం మీద కూర్చుని, పళ్ళు తోముకుంటూ తోముకుంటూనే ఒక పక్కకి తూలడం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల అది నాలోనే పెరిగింది. నాన్న పక్కన కూర్చుంటే ఊపిరి వాసన చూసేదాన్ని. నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకునేదాన్ని, ఊరుకుంటే ఎందుకు ఊరుకున్నాడా అనుకునేదాన్ని. అమ్మ కూడా అలాగే చూస్తోందని నాకు తెలుస్తూనే ఉండేది.

పక్కింటి తాతయ్యగారి మీద నాకు ఇంకా ఎక్కువ అనుమానం. ఆయన మాకు చుట్టం కాదు. నాన్నకంటే ముందు అదే లారీని ఏళ్ళ తరబడి తోలిన డ్రైవరు. ఎడమ మోకాలు వాచి, క్లచ్ తొక్కలేని స్థితి వచ్చాక ఓనరు గారు ఆ బండిని నాన్న చేతికిచ్చారు. అప్పటి నుంచి రెండేళ్ళుగా ఆయన మా నాన్నతో మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని చెక్కతో చిన్న చిన్న లారీలు చేస్తూ ఉండేవారు. వాటిని బొమ్మలంటే ఆయనకి కోపం. బళ్ళనాలి.

క్రేను వెళ్ళిపోయిన మర్నాడు ఆయన మా గుమ్మం ముందుకి వచ్చి, ఆ రోజు పెట్టెలు ఎన్ని వరసలు ఎత్తారని అమ్మని అడిగారు. అమ్మ తెలియదండీ అని తలుపు వేసేసింది. తర్వాత నాతో, "ఆయనకేమీ చెప్పకు. ఓనరు గారికి మోసుకెళ్ళడానికే ఈ అడగడమంతా" అంది. నాకూ అలాగే అనిపించింది. అందుకే రోజూ బడి నుంచి రాగానే ఆయన అరుగు దగ్గరికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయనేం చేస్తున్నారో కనిపెట్టడానికి.

ఆయన మా నాన్న లారీనే కడుతున్నారు. అడుగుకి అంగుళం చొప్పున. పాత చేపల పెట్టె చెక్కతో బాడీ, నూనె డబ్బా రేకుతో క్యాబిన్, అరిగిన హవాయి చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు. పెట్టెలకి బిగించే ఇనుప పట్టీలని ముక్కలు చేసి, వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కమాన్లు చేశారు. లారీ బరువంతా మోసేది ఆ కమాన్లే. తిరనాళ్ళలో అమ్మే చెక్క లారీలకి అవి ఉండవు. ఆయన బండిలో ఇటుకరాయి పెడితే అసలు బండిలాగే కిందికి దిగేది, తీస్తే పైకి లేచేది. కొలతలు ఎక్కడా రాసుకోలేదు. కళ్ళు మూసుకుని, గాల్లో చెయ్యి పెట్టి గేరు రాడ్డు ఎక్కడుందో చూసుకుని, అక్కడి నుంచి మిగతావన్నీ లెక్కకట్టేవారు.

రంగు ఆరాక ఎడమ తలుపు మీద వేలిగోరంత మేర గరుకు కాగితంతో రంగు గీకేశారు. అడగకూడదనుకుంటూనే ఎందుకండీ అని అడిగాను. క్లీనరు చేత్తో కొట్టే చోటు అదని చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే చోట చరిస్తూ ఉంటే రంగు నిలవదట. ఆ మాట అంటూ ఆయన గీకిన చోటుని బొటనవేలితో ఓసారి రుద్దారు. ఆసుపత్రిలో ఉన్న మనిషి నాకు గుర్తొచ్చాడు, ఆయనకీ గుర్తొచ్చి ఉంటాడు.

"లోడెత్తక ముందు బండిని చూశావా అమ్మా?" అని ఆయన ఒకరోజు అడిగారు. నేను చూశాను. నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. అయినా అమ్మ మాట తలుచుకుని నోరు విప్పలేదు. మర్నాడూ అడిగారు. మూడో రోజు అడగలేదు. అడగకపోయేసరికి నాకే ఉండబట్టలేదు.

"చూశానండి. బాడీ కడుగుతున్నారు. నీళ్ళన్నీ ఎడమవైపే కారిపోతున్నాయి. అటు నుంచి వెళ్తే నా కాళ్ళు తడిసిపోయాయి. ఇటువైపు నేల పొడిగానే ఉంది."

ఆయన చేతిలోని ఆకురాయి కింద పెట్టేశారు. చెప్పకూడనిది చెప్పేశానని నాకు భయం వేసింది. ఆ భయంలోనే నాన్న తూలడం కూడా చెప్పేసి ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. "అది కూడా చూద్దాం" అన్నారంతే.

ఆదివారం నాటికి ఆయన పెరట్లో చెరువు మట్టితో చిన్న గట్టు లేచింది. కర్ర పట్టుకుని అసలు గట్టు దాకా నడిచి, దాని వెడల్పూ వాలూ దారంతో కొలుచుకుని వచ్చి కట్టారు. అగ్గిపెట్టెల్లో తడి ఇసుక నింపి లారీలో వరసలుగా పేర్చారు. ఓనరు గారికీ నాన్నకీ కబురు పెట్టారు. నాన్న ముందు రానన్నాడు. తర్వాత వచ్చి దడి పక్కన నిలబడ్డాడు. ఆ చిన్న లారీని చూసిన క్షణంలో నాన్న ముఖం ఎలా మారిందో చెప్పలేను.

తాతయ్యగారు ముందుగా కమాన్లన్నీ బాగున్న బండిని దారంతో మెల్లగా లాగారు. వంపు దాటిపోయింది. వేగంగా లాగారు. కుడివైపుకి పడింది. మళ్ళీ లాగారు, మళ్ళీ కుడివైపుకే.

"తాగినవాడు వేగంగా తిప్పితే ఈ కుడివైపే పడుతుందండి. నిద్రపోయినవాడి బండి అసలు తిరగదు, తిన్నగా పోయి ఈ కుడి చెరువులోనే దిగుతుంది. ఇతని బండి పడింది ఎడమకి" అన్నారు ఓనరు గారితో.

అప్పుడు, లోడెత్తక ముందే కడిగిన నీళ్ళు ఎడమకి కారడం ఈ పిల్ల చూసిందని చెప్పి, ఎడమ వెనక చక్రం మీది కమాన్లలోంచి రెండు పట్టీలు తీసేశారు. అదే లోడు పెట్టి మెల్లగా లాగారు. వంపులో వెనక చక్రం ముందు చక్రం జాడలో నడవదని నేను మొదటిసారి చూశాను. అది లోపలికి కోసుకుంటూ గట్టు అంచుకి వచ్చింది. అగ్గిపెట్టెల వరసలు ఎడమకి వాలాయి. బండి చప్పుడు లేకుండా ఎడమ పక్కకి పడిపోయింది.

ఓనరు గారు కాసేపు వంగి చూశారు. "అయితే కమాన్లు ముందే విరిగాయంటారు. తోలేవాడికి తెలియకుండా ఉంటుందా?"

తాతయ్యగారు నాన్న వైపు చూశారు. తెలియదని ఒక్క మాట అంటే చాలు, నాన్న గట్టెక్కేవాడు. నేను ఆ మాట కోసమే ఎదురుచూశాను.

"తెలుసండి" అన్నాడు నాన్న. "రెండు రోజుల ముందే చప్పుడు వచ్చింది. ఈ ఒక్క ట్రిప్పుకీ లాగేస్తుందిలే అనుకున్నాను. షెడ్డుకి తీసుకెళ్తే చేపలు పట్టే రోజుకి బండి అందదని తీసుకెళ్ళలేదు."

ఓనరు గారు వెళ్ళిపోయారు. నాన్న ఆ సాయంత్రమే బస్సెక్కి ఏలూరు వెళ్ళి క్లీనరుకి కూడా అదే చెప్పి వచ్చాడు. క్లీనరు గోడ వైపు తిరిగి పడుకున్నాడట. కాలు అతుక్కుంది గానీ పొట్టిదైపోయింది. మళ్ళీ లారీ ఎక్కలేదు, చెరువు కాపలాకి కుదిరాడు. నాన్న ఏడాది పాటు వలలు లాగే పనికి వెళ్ళాడు. తర్వాత ఓనరు గారు ఇంకో బండి ఇచ్చారు. ఊళ్ళో తాగాడన్న మాట పోయి, తెలిసి తోలాడన్న మాట వచ్చింది. అది నిజం కాబట్టి నాన్న ఎదురు చెప్పలేదు. చిత్రమేమిటంటే, ఆయన తప్పు చేశాడని తెలిశాకే నేను ఆయన ముఖం వైపు మళ్ళీ చూడగలిగాను.

కొన్నాళ్ళకి తాతయ్యగారితో, నేను మీ మీద అనుమానంతోనే రోజూ వచ్చేదాన్నండీ అని చెప్పేశాను. తెలుసన్నారు. ఆయన కూడా ఒక సంగతి చెప్పారు.

"మీ నాన్న నిద్రపోయాడనుకునే నేను మొదలుపెట్టానమ్మా. అలా తేలితే బాగుండుననే ఉండేది. నా బండి పాడు చేశాడని కోపం."

"మరి ఆ పట్టీలు ఎందుకు తీశారండి?"

"నువ్వు నీళ్ళ సంగతి చెప్పాక తియ్యకుండా ఎలా ఉంటాను? తియ్యకపోతే అది బొమ్మే గానీ బండి కాదు."

తర్వాత నేను తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా చేరి, చాలా ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగంలో అనుమానం లేకుండా రోజు గడవదు. ఒకరి గొలుసు కనబడదు, ఇంకొకరి ఉత్తరం ఎవరో విప్పుతారు, అందరి వేళ్ళూ ఒకే పిల్ల వైపు చూపిస్తాయి. నా వేలు కూడా చాలాసార్లు అటే లేస్తుంది. స్వతహాగా నేను అనుమానం మనిషినే, అది పోలేదు. కానీ ఎవరినైనా పిలిచి అడిగేముందు కుర్చీలో కూర్చుని, ఇందులో ఏ జవాబు వస్తే నాకు సంతోషమో నాకు నేను నిజంగా చెప్పుకుంటాను. ఒక్కోసారి ఆ జవాబు ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది. సిగ్గేసిన రోజున మాత్రం, ఎదుట నిలబడ్డ పిల్లని ముందు కూర్చోమంటాను.