కడుపులో నిలవని మాత్ర

నాకు మూర్ఛ ఉందని పెళ్లికి ముందే మా వాళ్లు మా ఆయనకు చెప్పారు. ఆయన రేపల్లెలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. రోజూ మాత్ర వేసుకుంటుంటే రెండేళ్లుగా మూర్ఛ నా జోలికి రాలేదు. తొంభైల మొదట్లో నాకు నెల తప్పింది. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

"అంత ఘాటు మందు కడుపులో బిడ్డకి పడుతుందా అమ్మాయ్? ఈ తొమ్మిది నెలలూ ఆపెయ్," అంది అత్తయ్య. నాకూ అదే భయం. మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చునేదాన్ని.

గుంటూరు నుంచి వారానికోసారి తెనాలి వచ్చే నరాల డాక్టరు దగ్గరికి ప్యాసింజరు బండెక్కి ముగ్గురం వెళ్లాం. అత్తయ్య చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నారు. మందు వల్ల బిడ్డకు పెదవిలోనో వెన్నులోనో లోపం వచ్చే అవకాశం కొంత ఉందని దాచకుండా చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మందు ఆపితే మళ్లీ ఫిట్స్ రావచ్చమ్మా. మీరు పడితే లోపలున్న బిడ్డకీ దెబ్బే. రెండింట్లో మందు వేసుకోవడమే చిన్న ప్రమాదం. మాత్ర మానొద్దు."

తిరుగు బండి వేమూరు దాటింది. "రెండూ ప్రమాదాలే అన్నాడు కదరా," అంది అత్తయ్య కొడుకుతో.

మాత్ర మానలేదు. అయినా మూడో నెలలో పొద్దున్నపూట ఎడమచేతికి తిమ్మిరెక్కడం మొదలైంది. మూర్ఛకు ముందు నాకు కనిపించే సూచన అదే. మోచేతి దాకా పాకి, ఆగిపోయేది. మా ఆయన స్నానాలగది తలుపుకు లోపలి గడియ ఊడదీశారు. అత్తయ్య నన్ను స్టవ్ దగ్గరికి రానివ్వలేదు. నేనెప్పుడు పడతానా అని ఇల్లంతా కాచుకుని ఉన్నట్టుండేది.

ఒక ఉదయం పడ్డాను. కళ్లు తెరిచేసరికి వంటింటి గడప దగ్గర నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉన్నారు. నాలుక తెగి నోరంతా రక్తం. అత్తయ్య నా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మూడో నెలలో కదలిక తెలియదని ఆమెకు తెలుసు. అయినా చెయ్యి తియ్యలేదు.

మళ్లీ తెనాలి వెళ్లాం. వాంతులవుతున్నాయా అని డాక్టరు అడిగారు. రోజూ పొద్దున్నే, మాత్ర వేసుకున్న కాసేపటికే అవుతున్నాయని చెప్పాను. కడుపుతో ఉన్నవాళ్లకి మామూలేననుకుని ఆయనకు చెప్పాలని మాకెవరికీ తట్టలేదు. వేసుకున్న మందు ఒంటికి పట్టకుండానే పోతోందన్నారు. వాంతులు తగ్గే మందు రాసి, మూర్ఛ మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నారు. బాపట్లలో పుట్టింటి పురుడు వద్దని, తెనాలి ఆసుపత్రిలోనే పోసుకోవాలని అన్నారు. అందుకని నెలలు నిండాక మా అమ్మే అక్కడికి వచ్చింది.

పాప పుట్టింది. అమ్మ దాని పెదవులూ వెన్నూ తడిమి తడిమి చూసింది. ఏ లోపమూ లేదు.

నెలల పిల్లను ఎత్తుకుని వెళ్లి, దీనికీ మూర్ఛ వస్తుందా అండీ అని డాక్టరుని అడిగాను.

"చాలామంది పిల్లలకి రాదమ్మా. రానేరాదని మాత్రం రాసివ్వలేను."

ఏడాది నిండకముందే పాపకు జ్వరం వచ్చింది. ఆ రోజంతా వాన. తడిగుడ్డలు వేస్తూ అత్తయ్యా నేనూ దాని మీంచి చూపు తిప్పలేదు. సాయంత్రానికి జ్వరం దిగింది. పాప పాలు తాగి పడుకుంది. నిద్రలో దాని పాదం ఒక్కసారి అదిరింది. ఏ పిల్లకైనా అదురుతుంది.

అత్తయ్య లేచి లైటు వేసింది.