తుడిచిన గీత

ఫరూక్ తెనాలిలో ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాడు. పని నేర్పిన నబీ సాహెబ్ చెప్పిన పాఠం ఒకటే: గీత నచ్చకపోతే వందసార్లు తుడిచి గీసుకో, కత్తెర మాత్రం తొందరపడి వెయ్యకు. గుడ్డ విషయంలో ఆ మాట బంగారం. షేర్ల దగ్గర అదే కొంప ముంచింది.

రెండువేల ఏడులో టీ కొట్టు దగ్గర కూడా షేర్ల కబుర్లే. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చిన బ్రోకరాఫీసు గిరీష్ ఫరూక్‌కి చార్టు చూడటం నేర్పాడు. ధర పడుతూ పడుతూ ఒకేచోట ఆగి రెండు మూడుసార్లు పైకి లేస్తే, అక్కడ గీసే గీతని సపోర్టు అంటారు. ధర దాని పైన ఉన్నంతకాలం భయం లేదు, కిందకి దిగితే గీత తెగినట్టే.

“గీత తెగితే మాత్రం ఆలోచించకండి, ఎంత నష్టమైనా అమ్మేయండి” అని మరీ మరీ చెప్పాడు గిరీష్.

గీతలు ఫరూక్‌కి కొత్తా? కటింగు కోసం ఉంచుకున్న ఖాకీ కాగితం గోడకి అంటించి, ఒక సిమెంటు కంపెనీ ధరలు రోజూ పేపర్లో చూసి పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. రెండొందల ఎనభై దగ్గర చాక్‌తో సపోర్టు గీశాడు. రెండుసార్లు చెప్పినట్టే ధర లేచింది. చేతిలో ఉన్న డబ్బు పెట్టి తనూ ఆ షేర్లు కొన్నాడు. ఇక చొక్కాకి కొలతలు తీస్తూ కూడా మార్కెట్ పాఠాలు మొదలుపెట్టాడు, వచ్చీరాని వైద్యుడిలా.

ఆ పాఠాలు విని వేమూరు రైతు బ్రహ్మానందం ట్రాక్టరు కోసం దాచుకున్న డబ్బు ఆ కంపెనీలోనే పెట్టాడు. పెళ్ళిబట్టల నాటి నుంచీ ఆయన బట్టలు కుట్టేది ఫరూకే.

“నీ గీత ఎప్పుడు తప్పింది భాయ్” అన్నాడు.

మరుసటి ఏడు జనవరిలో మార్కెట్ కూలింది. ధర రెండొందల డెబ్బై ఒకటికి దిగింది. అమ్మేయాల్సిన ఫరూక్ చెయ్యి అలవాటుగా గుడ్డపీలిక అందుకుంది. పాత గీత తుడిచేసి, రెండొందల నలభై దగ్గర కొత్తది గీశాడు. మధ్యాహ్నానికి బ్రహ్మానందం ఆయాసపడుతూ వచ్చాడు.

“గీత తెగిందా భాయ్?”

“లేదండి. ఇంకా పైనే ఉంది, చూడండి.”

బ్రహ్మానందం చార్టు వంక కాసేపు చూసి వెళ్ళిపోయాడు. తర్వాత ఫరూక్ ఇంకో రెండు గీతలు గీశాడు. ధర నూట అరవైకి పడ్డాకగానీ ఇద్దరూ అమ్ముకోలేదు. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఫరూక్‌కి తన డబ్బు పోయిన బాధ నెలలో తగ్గింది. ఆడిన అబద్ధం తాలూకు సిగ్గు మాత్రం తగ్గలేదు. వేమూరు బస్సు వచ్చే వేళకి షట్టరు సగం దించేసేవాడు.

మార్చిలో బ్రహ్మానందమే షట్టరు కిందనుంచి వంగి లోపలికొచ్చాడు, చేతిలో పాత ప్యాంటుతో.

“నడుం దగ్గర వదులైంది. కాస్త బిగించు భాయ్.”

ఫరూక్ టేపు చుట్టాడు. రెండంగుళాలు తగ్గింది. ఆ రెండంగుళాలూ తానే కోసేసినట్టు సిగ్గుతో చచ్చిపోయాడు.

“అన్నయ్యగారూ, ఆరోజు గీత తెగిందండి. నేనే తుడిచి కిందకి గీశాను.”

“తెలుసు. తుడిచిన మరక కనపడుతూనే ఉందిగా.”

“మరి అమ్మేయలేదేంటండి?”

“నువ్వు ఊరికే తుడవవులే అనుకున్నా.”

ఫరూక్ టేపు తీసి మెడలో వేసుకున్నాడు. బ్రహ్మానందం ప్యాంటు బల్ల మీద పెట్టి, ఎప్పుడు రమ్మంటావని అడిగాడు.