మొగులయ్య బెల్లం, సునంద మేడం నల్ల పట్టీ

మిక్సీ మోటారు వేడెక్కిన వాసన వస్తే నాకు వంటిల్లు కాదు, జహీరాబాద్‌లో నేను చదివిన డిగ్రీ కాలేజీ ల్యాబ్ గుర్తుకొస్తుంది. మా కెమిస్ట్రీ లెక్చరర్ సునంద మేడం ఇంట్లో పక్కన పడేసిన పాత మిక్సీని అక్కడికి తెచ్చి, అందులో గ్రాఫైటు పొడి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు పోసి తిప్పేవారు. కాసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి, పైన నల్లటి నీళ్లు మిగిలేవి. "గ్రాఫీన్ గీ నలుపులనే ఉంది. పెన్సిల్ ముల్లును పొరలు పొరలుగ విప్పినమనుకో," అనేవారు. ఆమెది రాయికోడ్. పాఠం పుస్తకాల తెలుగులో మొదలై, ఉత్సాహం వచ్చినచోట ఊరి మాటలోకి జారేది.

ఆ నల్లనీళ్లను చిక్కబరిచి ప్లాస్టిక్ షీటు ముక్కల మీద కుంచెతో పూసి ఆరబెట్టేవాళ్లం. ఆ పట్టీని ఫోనుకు తగిలించిన చిన్న మీటరుకు కలిపి, బెల్లం కరిగించిన నీళ్లలో ముంచేవాళ్లం. బెల్లాన్ని తెల్లబరచడానికి కొందరు కలిపే సల్ఫైటు ఉంటే ఫోను తెరమీద గీత గుట్టలా లేచేది. లేకపోతే చదునుగా సాగిపోయేది. ఖరీదైన యంత్రాలు లేని మా ల్యాబ్‌కు అదే పెద్ద గొప్ప.

నేను రెండో సంవత్సరంలో ఉండగా ఝరాసంగం నుంచి మొగులయ్య అనే చెరుకు రైతు వచ్చాడు. షేర్ ఆటో దిగి, తువ్వాలలో బెల్లం ముద్ద పట్టుకుని నేరుగా ల్యాబ్‌కే వచ్చాడు.

"మేడం, నా బెల్లంల మందు కలిపిన అంటున్రు. నా బెల్లం తిని మా పక్కింటి పిల్లకు దమ్ము వచ్చి ఊపిరాడలేదంట. వాళ్లు నాతోని మాట్లాడుతలేరు. నేను ఏం కలపలే. జర చూడున్రి."

మేడం ఆ పని నాకు అప్పగించారు. నాకు గర్వంగా ఉంది. పట్టీ ముంచాను. గీత గుట్టలా లేచింది. ఆగలేక, "ఉంది మేడం! మందు ఉంది!" అని అరిచాను.

మొగులయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "గట్లెట్లయితది బిడ్డా? చెరుకు నాది, పొయ్యి నాది. మడ్డి తీసెతందుకు బెండ జిగురు తప్ప ఏం ఎయ్యలే."

మేడం నావైపు తిరిగారు. "ముందుగాల వట్టి నీళ్లు పెట్టి చూసినవా, స్వరూపా?"

చూడలేదు. అదే బీకరులో మంచినీళ్లు పోసి పట్టీ ముంచాను. అదే గుట్ట. పొద్దున పట్టీలను సరిచూడటానికి సల్ఫైటు ద్రావణం కలిపింది ఆ బీకరులోనే. ఒక్కసారి పైపైన కడిగి పక్కన పెట్టేశాను.

మేడం తిట్టలేదు. శుభ్రమైన బీకరు, కొత్త పట్టీ తెచ్చారు. నీళ్లలో గీత చదును. బెల్లం నీళ్లలోనూ చదునే. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "ఆగు. పట్టీ పనిచేస్తుందో లేదో ఎట్ల తెలుస్తది?" అంటూ అదే బెల్లం నీళ్లలో ఒక చుక్క సల్ఫైటు వేశారు. గీత చటుక్కున లేచింది. పట్టీ పనిచేస్తోంది, బెల్లంలో ఏమీ లేదు.

"ఇగ చెప్పు," అన్నారు.

"నేనా మేడం?"

"తప్పు మాట ఏ నోట్లకెల్లి వచ్చిందో, సరైన మాట గూడ ఆ నోట్లకెల్లే రావాలె."

మొగులయ్య వైపు తిరిగాను. "తాతా, మీ బెల్లంల ఏం లేదు. తప్పు నాది. గిన్నె సరిగ్గ కడగలే."

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని నవ్వాడు. "ఏం లేదన్నవు గద, గది చాలు. పోయిన పానం తిరిగొచ్చింది."

మా పట్టీ మాట ఒక్కటే సరిపోదని మేడం ఆ బెల్లాన్ని హైదరాబాద్‌లోని ల్యాబ్‌కు కూడా పంపారు. అక్కడా సల్ఫైటు లేదనే తేలింది. ఆ కాగితం తీసుకెళ్లిన మొగులయ్య, వారం తర్వాత మళ్లీ వచ్చి, పక్కింటివాళ్లు కాగితం చదివి తనను లోపలికి పిలిచి కూర్చోబెట్టారని చెప్పాడు. ఆ సాయంత్రం హాస్టల్‌కు నడిచి వెళ్తుంటే నా ఒళ్లు దూదిలా తేలికపడింది.

ఇప్పుడు నేను జహీరాబాద్‌లోనే పాలు, బెల్లం పరీక్షించే చిన్న కేంద్రంలో పనిచేస్తున్నాను. మొన్న రెండు పాల సీసాల చీటీలు తారుమారు చేసి, ఒకామె పాలలో కల్తీ ఉందని చెప్పాను. తప్పు తెలియగానే ఆమె ఇంటికి వెళ్లి ఒప్పుకున్నాను. ఆమె కడుపునిండా తిట్టి, తర్వాత మజ్జిగ ఇచ్చింది. సునంద మేడం నుంచి నాకు అబ్బింది ఇదే. నా తప్పు వల్ల ఎవరైనా మాట పడ్డారని తెలిస్తే, వాళ్లకు నా నోటితో చెప్పేదాకా అన్నం సయించదు. చెప్పాక మాత్రం నిమ్మళంగా తింటాను.